పరిణయం అన్నాడు, పెళ్ళి అనలేదు

పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల మడత పడదు. ఎదురెదురుగా నిలబడి చెరో వైపు కొసలు పట్టుకుని, ఒకసారి గట్టిగా విదిలించి, దగ్గరకు రావాలి. కొసలు కలిపి మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. మా ఆసుపత్రి బట్టల గదిలో నాకు ఎదురుగా నిలబడే మనిషి కవర్లక్క. ఆ పేరు మేం పెట్టింది కాదు. ఇక్కడికి రాకముందు ఆవిడ ఒక ఫంక్షన్ హాల్లో కుర్చీల కవర్లు చూసుకునేది. పేరు వెంట వచ్చింది, మనుషులే రాలేదు.

ఆవిడ కథ నాకు ఒక్క రోజులో చెప్పలేదు. దుప్పటికో ముక్క చొప్పున చెప్పింది. కోపం వచ్చిన రోజు విదిలింపు గట్టిగా ఉండేది, నా చేతిలోంచి కొస జారిపోయేది. నేను విన్నవన్నీ వరసగా పేర్చి చెబుతున్నాను.

కవర్లక్కకు నా అన్నవాళ్ళు లేరు. అమ్మానాన్నా చిన్నప్పుడే పోయారు. పెంచిన మేనమామ పోయాక అత్తయ్య తన కూతురి దగ్గరకు వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ ఈమెను హాల్లో పనికి కుదిర్చి వెళ్ళింది. హాలు వెనక వంటగదికీ జనరేటర్ గదికీ మధ్య బట్టల గది. రెండు వాషింగ్ మెషీన్లు, ఒక పొడవాటి ఇస్త్రీ బల్ల, గోడంతా అరలు. పెళ్ళి అవగానే కవర్లన్నీ విప్పి మూటలు కట్టి తెచ్చి పడేసేవాళ్ళు. నూనె మరక మీద సుద్దపొడి చల్లాలి, లిప్‌స్టిక్ మరకను వేడినీళ్ళలో వేయకూడదు, ఐస్‌క్రీమ్ మరక ఆరకముందే చన్నీళ్ళు పట్టించాలి. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు, కవర్లు పాడుచేసి తిట్లు తిని నేర్చుకుంది.

"పెళ్ళి ఎలా జరిగిందో కవర్లు చెప్పేస్తాయి" అనేది. "ముందు వరస తెల్లగా వస్తుంది. వాళ్ళు మర్యాదకు వచ్చినవాళ్ళు. ఆఖరి వరస కవర్ల మీద వంటగది మొత్తం ఉంటుంది. వాళ్ళు సంతోషంగా తిన్నవాళ్ళు."

ఆ హాల్లో ఆవిడకు ఇద్దరు దగ్గరివాళ్ళు. ఒకరు గిన్నెలు కడిగే పెద్దావిడ. పిల్లాపాపా లేదు, మొగుడు ఎప్పుడో పోయాడు. కవర్లక్క ఆవిడను పిన్ని అనేది. రెండోవాడు కరెంటు పనిచేసే మనిషి. ఒకసారి దీపాల తీగ కడుతూ నిచ్చెన మీంచి పడి కాలు విరగ్గొట్టుకుంటే, కట్టు విప్పేదాకా కవర్లక్కే అన్నం పట్టుకెళ్ళి పెట్టింది. అప్పటినుంచి ఆమె అక్క, అతను తమ్ముడు.

ఇక మైకాయన. పెళ్ళి హాల్లో మైకు పట్టుకుని అతిథులను ఆహ్వానించడం, పెద్దలను వేదిక మీదకు పిలవడం, భోజనాలకు దారి చూపించడం ఆయన పని. గొంతు మహా గొప్పగా ఉండేదట. గచ్చు మీద ఇత్తడి బిందె దొర్లినట్టు కాదు, బిందెలో నీళ్ళు నిండుతున్నట్టు. మైకు చేతిలో లేకపోయినా ఉన్నట్టే మాట్లాడేవాడు. ఉప్పు అందుకోమనడానికి కూడా "దయచేసి ఆ లవణం ఇటు" అనేవాడు. పిన్ని ఆయన వెళ్ళాక "ఏమిటో, ఈయనకు ఆకలేసినా ఉపన్యాసంలానే ఉంటుంది" అని నవ్వేది.

ఆయన నోట ఎక్కువగా ఆడే మాట పరిణయం. ప్రతి పెళ్ళికీ అదే. "నూతన వధూవరుల పరిణయ మహోత్సవానికి విచ్చేసిన బంధుమిత్రులకు" అంటూ మొదలుపెట్టేవాడు. గుమ్మం పైన పూలతో రాసే బోర్డు మీద కూడా ఆయన పట్టుబట్టి "శుభ పరిణయం" అనే రాయించేవాడు. ఒకసారి ఒక ముసలాయన ఆ బోర్డు చూసి లోపలికి రాకుండా అరగంట బయటే తచ్చాడాడు. కవర్లక్క వెళ్ళి ఏం కావాలని అడిగితే, "మా తమ్ముడి మనవరాలి పెళ్ళమ్మా. ఇక్కడ చూస్తే ఎవరో శుభ పరిణయం గారి ఇల్లని రాసుంది" అన్నాడట. ఆ మాట చాలా రోజులు హాలంతా చెప్పుకుని నవ్వుకున్నారు. మైకాయన మాత్రం నవ్వలేదు.

కవర్లక్క చదువు మధ్యలో ఆగిపోయింది కానీ మాటల మీద ఆశ ఆగలేదు. ఒక మధ్యాహ్నం స్టేజీ ముందు కుర్చీలకు కవర్లు తొడుగుతూ, మైకు సరిచూసుకుంటున్న ఆయన్ని అడిగేసింది.

"ఏమండీ, పరిణయమన్నా పెళ్ళన్నా ఒకటే కదా. మరి పెళ్ళి అనొచ్చుగా, అందరికీ అర్థమవుతుంది."

ఆయన మైకు పక్కన పెట్టాడు. అలాంటి ప్రశ్న ఆ హాల్లో అంతవరకు ఎవరూ అడగలేదు. "పరి అంటే చుట్టూ. నయం అంటే నడిపించుకుపోవడం. చేయి పట్టుకుని, చుట్టూ తిప్పి, తనవెంట తీసుకెళ్ళడం పరిణయం. పెళ్ళి అంటే ఏముంది? భోజనాలు, ఫోటోలు, అలకలు. అది జనానికి సంబంధించింది. పరిణయం ఇద్దరికి సంబంధించింది."

"అయితే బయట ఎవరూ అనరేం? మా అమ్మాయికి పరిణయం కుదిరింది అంటారా ఎవరైనా?"

"అనరు" అన్నాడు. "నగలు రోజూ పెట్టుకుంటామా?"

ఆ జవాబు ఆవిడకు తెగ నచ్చింది. నాకు చెప్పేటప్పుడు కూడా, అంత జరిగాక కూడా, ఆ ఒక్క మాట దగ్గర ఆవిడ ముఖం కాస్త వెలిగేది. వెంటనే తనమీద తనకే చిరాకు పడేది. "చెవిలో పూలు పెట్టించుకోవడానికి నేనే తల వంచాను" అనేది.

అలా మొదలైంది. ఆయన రోజుకో మాట తెచ్చేవాడు, ఆవిడ ఇస్త్రీ చేస్తూ వినేది. ఆయన కోటు ఆవిడ చేతిలోకి వచ్చింది. తర్వాత ఆయన చొక్కాలు వచ్చాయి. తర్వాత పిన్ని "ఆ బట్టలతోపాటు మనిషి కూడా ఎప్పుడొస్తాడే?" అని అడిగింది.

వచ్చాడు. ఒక రోజు బుకింగ్ లేదు. కొత్త స్పీకర్లు వచ్చాయి, తమ్ముడు వాటిని బిగిస్తున్నాడు. మైకాయన బట్టల గది గుమ్మంలో నిలబడి, "ఈ మధ్యాహ్నం హాలు మనది. మన పరిణయం ఇవాళ" అన్నాడు. జేబులోంచి ఉంగరం తీసి చూపించాడు. కవర్లక్క చేతిలో పని వదిలేసింది. ఉన్నవాటిలో మంచి బట్టలు ఇస్త్రీ చేసుకుని కట్టుకుంది. స్టేజీ మీద రెండు కుర్చీలకు తన చేతులతోనే కొత్త కవర్లు తొడిగింది. పిన్ని ముందురోజు పెళ్ళిలో మిగిలిన పూలలో వాడనివి ఏరి గుత్తిగా కట్టి చేతికిచ్చింది. తమ్ముడు హాల్లో ఉన్న దీపాలన్నీ ఒక్కసారిగా వేశాడు. పట్టపగలు అన్ని దీపాలు చూడటం ఆవిడకు అదే మొదలు.

మైకాయన మైకు అందుకున్నాడు. "మా ఇరువురి పరిణయానికి విచ్చేసిన పెద్దలందరికీ హృదయపూర్వక స్వాగతం" అన్నాడు. పిన్ని, పెద్దలెవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూసింది. వెనక ఖాళీ కుర్చీలు. అందరూ నవ్వారు. ఆయన ఉంగరం తొడిగాడు. చేయి పట్టుకుని, తను చెప్పిన అర్థం ప్రకారమే, హాలు చుట్టూ నడిపించి తీసుకొచ్చాడు. పిన్ని ఏడ్చి, దగ్గరున్న కుర్చీ కవరుతో ముక్కు తుడుచుకుంది. ఇంకో రోజైతే కవర్లక్క ఊరుకునేది కాదు.

బస్సు డిపో వెనక రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టారు. ఏడెనిమిదేళ్ళు గడిచాయి. పెద్ద గొడవలు లేవు. పెళ్ళిళ్ళ కాలంలో ఆయన గొంతు బొంగురుపోతే ఉప్పునీళ్ళు కాచి పుక్కిలించమని ఇచ్చేది, మెడకు మఫ్లరు చుట్టేది. తమ్ముడు ఆయన్ని బావా అనడం మొదలుపెట్టాడు. పిన్ని అల్లుడు అనేది. "అల్లుడికి ఇష్టమని రెండు ముక్కలు దాచాను" అంటూ వంటగదిలోంచి పొట్లం తెచ్చేది. ఎవరైనా పరిచయం చేయమంటే మైకాయన మా ఆవిడ అనేవాడు కాదు, "నా సహచరి" అనేవాడు. పక్కింటి ఆడవాళ్ళను మొగుళ్ళు "ఏమేవ్" అని కేకేస్తుంటే, తనను సహచరి అంటున్నాడని ఈవిడ పొంగిపోయేది.

వివాహాలు నమోదు చేసే ఆఫీసుకు వెళ్ళి సంతకాలు పెట్టి వద్దామని రెండు మూడుసార్లు అడిగింది. "మన మధ్య కాగితమెందుకు?" అన్నాడు. అది కూడా గొప్ప మాటలాగే వినిపించింది. మాటలు కోటలు దాటుతుంటే ఈయన కాళ్ళు గడప దాటడం లేదేమిటా అని అనుమానం రాలేదు. నమ్మకం అలాంటిది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయిందని ఆవిడ అంటే, నేను దుప్పటి మడత తప్పి మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఒక ఉదయం ఇద్దరూ వంటింట్లో టీ తాగుతున్నారు. ఆయన గ్లాసు కింద పెట్టి, అలవాటు లేని చిన్న గొంతుతో అన్నాడు:

"నాకు పెళ్ళి కుదిరింది."

ఆవిడ నవ్వింది. రోజూ ఎవరో ఒకరి పెళ్ళి గురించి మాట్లాడుకునే ఇల్లు అది. "ఎవరికి కుదిరింది?"

"నాకే."

"మీకేంటి?"

"యజమాని చెల్లెలితో."

యజమాని చెల్లెలంటే హాలు పైఅంతస్తు ఆఫీసులో కూర్చుని బుకింగులన్నీ చూసే మేడమ్. భర్త పోయి కొన్నేళ్ళయింది. నెమ్మదైన మనిషి. పనివాళ్ళతో గొంతు పెంచి మాట్లాడేది కాదు. అన్నగారికి ఒంట్లో బాగుండక హాలు మొత్తం ఆవిడ చేతికి రాబోతోంది. మైకాయన పైఅంతస్తుకు ఈమధ్య ఎక్కువగా వెళ్తున్నాడని కవర్లక్కకు తెలుసు. కార్యక్రమాల గురించి అనుకుంది.

"మరి మనదో?" అంది కవర్లక్క.

"మనది పరిణయం" అన్నాడు. "నేనెప్పుడూ నీతో పెళ్ళి అనలేదు. బాగా గుర్తుచేసుకో. ఒక్కసారైనా అన్నానా?"

ఆవిడ నిజంగానే గుర్తుచేసుకుంది పాపం. స్టేజీ మీద ఏమన్నాడు, హాలు చుట్టూ తిప్పుతూ ఏమన్నాడు, పక్కింటివాళ్ళతో ఏమన్నాడు. ఎక్కడా ఆ మాట దొరకలేదు. అప్పుడు అర్థమైందట. ఏదో నోరుజారో మనసు మారో అన్న మాట కాదిది. ఇన్నేళ్ళూ ఆ చిన్నమాటను జాగ్రత్తగా పక్కకు తోసి నడిచాడన్నమాట. తడిగుడ్డతో గొంతు కోయడమని వినడమే, అది ఇంత మెత్తగా ఉంటుందని ఆవిడకు తెలియదు.

"ఆ మైకులో రోజూ పరిణయం పరిణయం అంటావే" అంది. మొట్టమొదటిసారి 'నువ్వు' అంది. "వాళ్ళందరివీ పెళ్ళిళ్ళు కావా? వాళ్ళ పిల్లలు స్కూళ్ళకు పోవట్లేదా? వాళ్ళకో అర్థం, నాకో అర్థమా?"

"వాళ్ళకు చుట్టాలున్నారు" అన్నాడు. "ఆ పక్క వందమంది, ఈ పక్క వందమంది కూర్చుని చూస్తారు. అందుకని వాళ్ళది పెళ్ళి. నీ వైపు ఎవరున్నారు చెప్పు?"

ఈ మాట చెప్పినరోజు కవర్లక్క దుప్పటి వదిలేసి కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడింది. నేను నా కొస పట్టుకునే ఉన్నాను. కాసేపటికి తిరిగి వచ్చి కొస పట్టుకుంది. "ఇద్దరున్నారు అని చెప్పాను" అంది. "నా వైపు ఇద్దరున్నారు అని గట్టిగా చెప్పాను."

ఆ ధీమాతోనే నేరుగా పైఅంతస్తుకు వెళ్ళింది. మేడమ్‌తో అంతా చెప్పింది. మేడమ్ అరవలేదు, గెంటేయలేదు. కుర్చీ చూపించింది. "నాకాయన వేరేగా చెప్పాడు. స్పీకర్లు పరీక్షించడానికి ఏదో సరదాగా చేశామని, నువ్వది మనసులో పెట్టుకున్నావని, జాలిపడి ఇంట్లో చోటిచ్చానని చెప్పాడు."

"సరదాకా?" అంది కవర్లక్క. "చూసినవాళ్ళున్నారు మేడమ్. పిలిచి అడగండి."

"పిలుస్తాను. వాళ్ళలో ఒక్కరు ఔనన్నా ఈ పెళ్ళి ఆపేస్తాను. నాకు ఇంకొకరి మనిషి అక్కర్లేదు" అంది మేడమ్. ఆ మాట మనస్ఫూర్తిగానే అందని కవర్లక్క ఇప్పటికీ అంటుంది.

పిన్ని వచ్చింది. చేతులు సబ్బునురగతోనే ఉన్నాయి, తుడుచుకునే తీరిక కూడా ఇవ్వలేదు. తమ్ముడు టెస్టరు జేబులో పెట్టుకుంటూ వచ్చాడు. వాళ్ళ వెనకే మైకాయనా వచ్చాడు. ఎవరినీ బెదిరించలేదు, కళ్ళెర్రజేయలేదు. గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు అంతే. రేపోమాపో హాలుకు యజమాని కాబోయే మనిషి. అలా నిలబడితే చాలు.

"ఆ రోజు స్టేజీ మీద జరిగింది ఏంటి?" అని మేడమ్ అడిగింది.

తమ్ముడు ముందు మాట్లాడాడు. "కొత్త స్పీకర్లు మేడమ్. మైక్ టెస్టింగ్."

"మైక్ టెస్టింగా?" కవర్లక్క అతని వైపు తిరిగింది. "దీపాలన్నీ వేసింది నువ్వు కాదురా? అదీ టెస్టింగేనా?"

"దీపాలు కూడా... చూసుకోవాలి కదక్కా."

"మరి ఇన్నేళ్ళూ ఆయన్ని బావా అని ఎందుకు పిలిచావు? నన్ను అక్కా అని ఆయన్ని బావా అంటే ఏమిట్రా అర్థం?"

అతను నేల చూశాడు. "ఊరికే. అందరూ సరదాగా..."

కవర్లక్క ఇక అతన్ని వదిలేసింది. పిన్ని దగ్గరకు వెళ్ళి తడి చేతులు రెండూ పట్టుకుంది. "నువ్వు చెప్పు పిన్నీ. నా చేతికి పూలిచ్చావు. ఏడ్చావు. ఆయన్ని అల్లుడన్నావు. అల్లుడు అంటే ఎవరు పిన్నీ?"

పిన్ని ఆమె ముఖం వైపు చూడలేదు. మేడమ్ వైపూ చూడలేదు. "పెద్దదాన్నమ్మా. నాకేం గుర్తుంటాయి" అంది.

మొగుడు మోసం చేశాడంటే ఊరు నమ్ముతుంది. అది ఎక్కడైనా ఉన్నదే. కానీ ఆ గదిలో తనవైపు అనుకున్న ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు పక్కకు జరిగిపోయి తాను మాత్రమే మిగిలితే ఎలా ఉంటుందో చెప్పడానికి కవర్లక్కకు మాట దొరకలేదు. నాకు చెప్పేటప్పుడూ దొరకలేదు. చేతులు చాపి చూపించింది. పిన్ని చేతులు తన చేతుల్లోంచి సబ్బు వల్ల జారిపోయాయని చెప్పింది. అంతకంటే చెప్పలేదు.

మేడమ్ కవర్లక్క వైపు తిరిగి, "చూశావుగా. నేనేం చేయను?" అంది. ఆ గొంతులో గెలిచిన సంతోషం లేదట.

బట్టల గదికి వచ్చేసరికి మెషీన్‌లో కవర్లు తిరుగుతున్నాయి. మర్నాటి పెళ్ళివాళ్ళవి. ఎవరో అమ్మాయి, ఎవరో అబ్బాయి. వాళ్ళేం చేశారు? కవర్లక్క అవి అయ్యేదాకా ఆగింది. ఆరబెట్టింది. ఒక్కో కవరూ ఇస్త్రీ చేసి, వెనక కట్టే రిబ్బన్లు కూడా నొక్కి, అరలో పేర్చింది. తర్వాత గది తాళం మేనేజరు బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. మేనేజరు "సీజన్‌లో వదిలేసి పోతే ఎలాగమ్మా, వచ్చే నెల మేడమ్ పెళ్ళి కూడా ఉంది" అన్నాడు. అంటూ అంటూ ఎవరితో అంటున్నాడో తట్టి నాలుక కరుచుకున్నాడు.

న్యాయం ఎక్కడైనా దొరుకుతుందేమోనని వివాహాల ఆఫీసుకు వెళ్ళింది. అక్కడి ఉద్యోగిని కుర్రపిల్ల, మంచిగానే మాట్లాడింది. ఆయన పరిణయం అన్నాడనీ పెళ్ళి అనలేదనీ, ఆ రెండింటికీ తేడా ఉందంటున్నాడనీ కవర్లక్క చెబితే, ఆ పిల్ల అయోమయంగా చూసింది. "తేడా ఏముందండీ, రెండూ ఒకటే. ఒకటి పుస్తకంలో మాట, ఒకటి నోటి మాట. కానీ మాకు నోటి మాటా పనికిరాదు, పుస్తకం మాటా పనికిరాదు. ఇక్కడ సంతకం పడాలి. లేదా చూసినవాళ్ళు వచ్చి చెప్పాలి" అంది.

రెండూ ఒకటేనని ఒక ఆఫీసులో కూర్చున్న మనిషి అనడం కాస్త ఊరటగా అనిపించిందట. ఆ ఊరట పట్టుకుని రెండు రోజులు తిరిగింది. మూడో రోజుకు అది కూడా ఖాళీ సంచిలా చేతికి వేలాడింది. రెండూ ఒకటే అని ఆయనకు తెలీకనా? తెలుసు. తెలిసే అన్నాడు. మాట తప్పు చెప్పినవాడిని దిద్దొచ్చు, మాట తెలిసి వాడుకున్నవాడిని ఏం చేస్తాం?

పెళ్ళి జరిగిపోయింది. ఆ రోజు వెళ్ళకూడదనే అనుకుంది, కానీ కొత్త పని వెతుక్కుంటూ మారాల్సిన బస్సు ఆ హాలు ఎదుటి స్టాపులోనే. పెళ్ళికొడుకు మైకాయనే కాబట్టి మైకు పట్టుకోవడానికి ఇంకో హాలు నుంచి ఎవరినో పిలిపించినట్టున్నారు. వాడి గొంతు రోడ్డు దాకా వచ్చింది. "మన మైకన్న పెళ్ళండీ, అందరూ కడుపునిండా తిని వెళ్ళాలి" అన్నాడు. లోపల జనం ఈలలు వేశారు. కవర్లక్క బస్సెక్కింది. టిక్కెట్టు ఇచ్చే మనిషి ఎక్కడికమ్మా అని అడిగితే చటుక్కున ఏ పేరూ రాలేదు.

ఆ తర్వాతే మా ఆసుపత్రికి వచ్చింది. మొదట్లో ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఎవరైనా వరస కలిపి పిన్నీ, వదినా అంటే ముఖం ముడుచుకునేది. నన్నయితే ముందే హెచ్చరించింది. "నన్ను అక్క అనొద్దు. ఆ మాట అన్నవాళ్ళకు దాని అర్థం తెలీదు." మరి నేను కవర్లక్కా అని ఎలా పిలుస్తున్నానంటే, అది పేరు, వరస కాదు అని ఒప్పించాను. చాలా వాదించాల్సి వచ్చింది.

కరెంటు తమ్ముడు ఒకసారి భార్య పురిటికని మా ఆసుపత్రికి వచ్చాడు. వరండాలో ఎదురుపడి "అక్కా" అన్నాడు. ఈవిడ చేతిలోని దుప్పట్ల దొంతర మీంచి చూసి, "ప్రసవాల వార్డు అటు" అని చేయి చూపించి వెళ్ళిపోయింది. పుట్టిన బిడ్డకు మాత్రం ఉన్నవాటిలో మెత్తటి గుడ్డలు ఏరి పంపించింది. ఎవరు పంపారో చెప్పొద్దంది.

మైకాయన బాగానే ఉన్నాడు. అలాంటివాళ్ళకు గొంతు పోతుందని, పక్షవాతం వస్తుందని కథల్లో చెబుతారు. ఆయనకేమీ కాలేదు. హాలుకు రంగులు వేయించాడు, ఏసీలు పెట్టించాడు, గిన్నెలు కడిగే యంత్రం తెప్పించాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడం ఆయనకు ఒక్కసారితో ఆగలేదు. యంత్రం వచ్చాక పిన్నిని ఇంటికి వెళ్ళిపొమ్మన్నాడు. పిన్నికి ఇల్లెక్కడిది?

ఒళ్ళు వాచి, కాళ్ళు బరువెక్కి పిన్ని మా ఆసుపత్రికి వచ్చి చేరింది. వార్డులో దుప్పట్లు మార్చడానికి వెళ్ళిన కవర్లక్క మంచం దగ్గర ఆగిపోయింది. నేను పక్కనే ఉన్నాను. పిన్ని గుర్తుపట్టి లేవబోయింది.

"కదలకు" అంది కవర్లక్క. "సూది ఊడిపోతుంది."

"అమ్మా, నేను..."

"ఏం చూశావు ఆ రోజు?"

పిన్ని కళ్ళనీళ్ళు చెవుల్లోకి కారిపోయాయి. "పెళ్ళే చూశానే. నా కళ్ళతో నేను చూసింది పెళ్ళే. ఆయన గోడకానుకుని నిలబడ్డాడు. నిజం చెబితే ఆ వయసులో నన్నెవరు పనిలో పెట్టుకుంటారే? నువ్వూ నేనూ ఇద్దరం రోడ్డున పడేవాళ్ళం."

"పడితే ఇద్దరం పడేవాళ్ళం" అంది కవర్లక్క. "నేనొక్కదాన్నే పడ్డాను."

దుప్పటి మార్చింది. మంచం మీద మనిషిని అటు పక్కకు తిప్పి, సగం పరిచి, ఇటు తిప్పి, మిగతా సగం లాగి పరిచింది. పని చాలా నెమ్మదిగా, నొప్పి తగలకుండా చేసింది. ముఖం మాత్రం రాయిలా ఉంది. గదికి వచ్చాక నాతో, "చూశానని ఇప్పుడు చెప్పింది. ఎవరికి కావాలి ఇప్పుడు?" అని ఎడాపెడా నాలుగు దుప్పట్లు విదిలించింది.

డాక్టరు ఇంటికి వెళ్ళొచ్చన్న రోజు పిన్ని సంచి పట్టుకుని గేటు దగ్గర బల్ల మీద కూర్చుంది. పొద్దెక్కినా అక్కడే ఉంది, మధ్యాహ్నమైనా అక్కడే ఉంది. మా డ్యూటీ అయ్యాక కవర్లక్క ఆవిణ్ణి దాటి వెళ్ళిపోయింది. రోడ్డు దాకా వెళ్ళి, ఆగి, తిట్టుకుంటూ వెనక్కి వచ్చింది. సంచి లాక్కుంది. "నిన్ను క్షమించానని అనుకోకు. అది వేరే లెక్క. లే, బస్సు పోతుంది."

ఇప్పుడు ఆ ఇద్దరూ ఆసుపత్రి వెనక సందులో ఒకే గదిలో ఉంటున్నారు. కవర్లక్క ఆవిణ్ణి పిన్నీ అని పిలవడం లేదు. "ఇదిగో" అంటుంది, "ఏమండీ" అంటుంది, ఒక్కోసారి ఏమీ అనకుండా గిన్నె చప్పుడు చేస్తుంది. మందులు మాత్రం వేళ తప్పనివ్వదు. మొన్న ఆదివారం నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు. నాకూ కంచం పెట్టారు. పిన్ని నన్ను చూసుకుని ధైర్యం తెచ్చుకున్నట్టుంది, నెమ్మదిగా అడిగింది.

"ఇంకా కోపమేనా అమ్మా?"

"ఇంకా."

"ఎన్నాళ్ళే?"

"నాకేం తెలుసు?" అంటూ కవర్లక్క కూర గిన్నె ఆవిడ వైపు జరిపింది. "చల్లారిపోతోంది, తిను."